తాగొచ్చని నేను రాసిచ్చిన నీళ్ళు

తొమ్మిదేండ్లుగా ఒక బరువు మోస్తాండాను. అన్నం తింటాండాను, నవ్వుతాండాను, పెండ్లిళ్ళకు పోతాండాను. అది మాత్రం దిగదు. మీరెవరో నాకు తెలీదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతాండాను. నా పేరు అడగొద్దండి. చేసింది మాత్రం దాచను.

అప్పట్లో నేను నంద్యాలలో, నీళ్ళు పరీక్ష చేసే చిన్న ఆఫీసులో పని చేసేదాన్ని. ఊర్ల నుంచి బోరు నీళ్ళు వస్తాయి. మందు వేసిన సీసాలో పోసి ఒకటి రెండు దినాలు పెట్టాల. మురుగు కలిసిన నీళ్ళయితే సీసా నల్లబడుతుంది. అంతే. చిన్నబిడ్డకు కూడా అర్థమయ్యే పరీక్ష.

ఆ ఏడు వానలు మొహం చాటేసినాయి. శివరాత్రి దాటకముందే ఎండలు మండినాయి. మా కుందూ ఏట్లో నీళ్ళు లేవు. పారేదల్లా మన ఇండ్ల కాలవల్లోంచి పోయే మురుగే. ఏరు నిండుగా ఉన్నన్నాళ్ళూ మనం చేసే పాడుపని దాంట్లో కలిసి కనపడకుండా పోయింది. ఏరు ఎండినాక మురుగే ఏరయింది.

గోస్పాడు దాటినాక ఏటి ఒడ్డున ఒక ఊరుంది. ఆ ఊరి తాగే బోరు ఏటిని ఆనుకునే ఉంది. అక్కడి నుంచి హుసేన్‌బీ అనే ఆమె వచ్చింది. గాజులమ్ముకుంటూ ఇల్లిల్లూ తిరిగే మనిషి. నీళ్ళు వాసన వస్తాండాయని ఊర్లో ఎవరినీ తాగనియ్యకుండా ఆపి, ఒక బాటిల్ నింపుకోని, బస్సులో ఒళ్ళో పెట్టుకోని తెచ్చింది.

మరుసటి దినానికే సీసా నల్లబడింది. బొగ్గు మాదిరి.

తీసుకుపోయి మా పైఆఫీసరుకు చూపించినాను. ఆయన మొహం చిట్లించినాడు. “ఇది రాస్తే ఆ ఊరికి ట్యాంకర్లు పెట్టాల. ఈ ఎండల్లో యాడినుంచి తెస్తాం? ఇంకోసారి చేయి, బాగానే వస్తాది” అన్నాడు.

ఇంకోసారి చేసినాను. హుసేన్‌బీ తెచ్చిన నీళ్ళతో కాదు. మేం తాగేదానికి ఆఫీసులో పెట్టుకున్న క్యాను నీళ్ళతో. అవి ఎందుకు నల్లబడతాయి?

ఎందుకు చేసినాను? ఉద్యోగం పోతుందని భయపడినానా? ఆయన బెదిరించనే లేదు. లంచం ఇచ్చినారా? ఎవరూ ఏమీ ఇయ్యలేదు. ఒక మనిషి మొహం చిట్లిస్తే చూడలేక, ఆ గదిలోంచి తొందరగా బయటపడితే చాలనుకొని, ఒక ఊరు ఊరంతటి నోట్లో మురుగు పోసినాను. ఇంత చిన్న కారణానికి ఇంత పని చేసిన నన్ను ఏమనాల?

నాలుగో దినం హుసేన్‌బీ వచ్చింది. కాగితం చేతికిచ్చినాను. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని కాకుండా నా మొహాన్ని చూసింది.

“తాగొచ్చునా మేడమ్?”

“తాగొచ్చు అక్కా.”

“మా కోడలు కడుపుతో ఉంది. దానిక్కూడా ఆ నీళ్ళు పొయ్యొచ్చునా?”

“పొయ్యొచ్చు.”

ఆమె నవ్వింది. ఊర్లో అందరికీ చెప్తానని గబగబా బస్టాండుకు పోయింది.

రెండు నెలలు తిరక్కముందే ఆ ఊర్లో కామెర్లు లేచినాయి. ఆమె కోడలు షకీలాకు ఎనిమిదో నెల. నంద్యాల ఆస్పత్రిలో తల్లీ బిడ్డా ఇద్దరూ పోయినారు. అప్పుడు మాత్రం ట్యాంకర్లు దొరికినాయి! మా ఆఫీసరు ఆ ఊరికి పోయి, అంతా వాతావరణం మారడం వల్లనేనని మైకులో చెప్పి వచ్చినాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వానలు రాలేదు, నిజమే. ఏట్లోకి మురుగు వదిలింది వానలా? నల్ల సీసా కడిగి బోర్లించింది ఎండలా? అరవాలనిపించింది. అరవలేదు. ఏ నోటితో అరిచేది?

పోయిన నెల పనిమీద ఆళ్ళగడ్డ పోయినాను. బస్టాండులో ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. హుసేన్‌బీ. ఇప్పుడు చెల్లెలి దగ్గర ఆళ్ళగడ్డలోనే ఉంటాందట. “నువ్వు సరిగానే చూసిస్తివమ్మా. ఆ నీళ్ళు కాచి పోసింటే నా కోడలు బతికేది. నేనే చంపుకుంటిని” అనింది.

తొమ్మిదేండ్లు! నేను చేసిన దానికి తొమ్మిదేండ్లు ఆమె తనను తాను తిట్టుకుంటాంది. ఇంక నిలబడలేకపోయినాను. అక్కడే, ఆ జనంలోనే చెప్పేసినాను. నల్ల సీసా గురించి, క్యాను నీళ్ళ గురించి, అన్నీ.

ఆమె నా చెయ్యి వదిలేసింది.

“నా కోడలొక్కతే పోయిందనుకుంటివా? ఆడ ప్రతి ఇంటికీ పోయి నేనే తాగమంటిని. నాకు చెప్తే చాలదు. ఆ ఇండ్లకు పో. పోయి చెప్పు.”

అంతే. బస్సెక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

మొన్న ఆదివారం ఆ ఊరికి పోయినాను. నాలుగిండ్లు తిరిగినాను. మొదటి ఇంట్లో తలుపేసుకున్నారు. రెండో ఇంట్లో ముసలాయన అంతా విని, లేచి లోపలికి పోయినాడు. మూడో ఇంట్లో మాట పూర్తి కాకముందే పొమ్మన్నారు. నాలుగో ఇంట్లో ఒకామె వీధిలోకొచ్చి నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. క్షమించమని అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. నిలబడి అన్నీ విన్నాను. నేనేందో తెలుసుకొని హుసేన్‌బీ కాకుండా ఇంకో మనిషి నాతో మాట్లాడడం ఈ తొమ్మిదేండ్లలో అదే మొదటిసారి.

ఇంకా చానా ఇండ్లున్నాయి.