మనుషుల లెక్క దాకా

మా మేనత్త పోయిన పొద్దున నాన్న నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి ఫోన్ చేసి రెండు మాటలే అన్నారు.

"అక్క పోయింది బిడ్డా. లెక్కలోళ్లు ఇంక రానే రాలె."

మొదటి మాటకు ఎవరైనా ఏడుస్తారు. నేను రెండో మాటకు ఏడ్చాను. వనపర్తిలో నేను సివిక్స్ చెప్పే కాలేజీ వరండాలో నిలబడి ఏడుస్తుంటే, అటుగా వచ్చిన తోటి లెక్చరర్ ఏమైందని అడిగింది. మా మేనత్త పోయిందని చెప్పాను గానీ మిగతాది చెప్పలేకపోయాను. మా ఇంట్లో ఒక మనిషి జనాభా లెక్కల కోసం ప్రాణం ఉగ్గబట్టుకుని బతికిందంటే ఎవరు నమ్ముతారు? కాస్త కుదుటపడ్డాక, ఇప్పుడు రాస్తున్నాను.

మేనత్త నాన్నకు అక్క. పెళ్లయిన కొన్నేళ్లకే మామ పోయాడు. పిల్లలు కలగలేదు. పుట్టింట్లో కూర్చుని ఏడవకుండా నర్సు ట్రైనింగ్ చేసి ఉద్యోగంలో చేరింది. మొదట గద్వాల అవతల, కర్ణాటక సరిహద్దు ఊళ్లలో పని. అక్కడి నుంచి 'స్వల్ప' అనే కన్నడ మాట ఒకటి వెంట తెచ్చుకుంది. మాకు జ్వరమొస్తే "స్వల్ప గంజి తాగు" అనేది. నాకు కోపం ఎక్కువ కాబట్టి "స్వల్ప నోరు మూసుకో" అని కూడా తరచుగా అనేది. తర్వాత సర్వీసంతా ఉప్పునుంతల, బల్మూర్, అమ్రాబాద్ మండలాల్లో గడిచింది. రిటైరయ్యాక నాగర్‌కర్నూల్‌లో మా ఇంటికొచ్చి నాన్న మీద పెత్తనం చేస్తూ బతికింది. మనవలున్న నాన్నను "తమ్మీ, చలి పెడ్తుంది, చెవులకు మఫ్లర్ కట్టుకో" అని గదమాయించేది. ఆయన మారుమాట లేకుండా కట్టుకునేవారు.

సూదులు వేయడం, కాన్పులు చేయడం ఆమెకు కష్టమైన పని కాదు. కష్టమైంది ఆపరేషన్‌కు ఒప్పించడం. ఇద్దరు పుట్టాక చాలు అని ఇంటింటికీ తిరిగి చెప్పాలి, క్యాంపు పెట్టిన రోజున ఆడవాళ్లను జీపు ఎక్కించుకుని తీసుకుపోవాలి, మళ్లీ తెచ్చి ఇంట్లో దించాలి. ఎవరింటికి పోయినా ముందు మంచినీళ్లు అడిగేది. ఏ కులమో ఏ మతమో చూసేది కాదు. చెంబు ఖాళీ అయ్యాక పల్లీ పంట గురించి, ఈనిన బర్రె గురించి మాట్లాడేది. ఆపరేషన్ మాట అన్నిటికన్నా చివర. "నీళ్లడిగితే తలుపు తెరుస్తరు. మాట అడిగితే మూస్తరు" అని నాకు చెప్పింది. అయినా తిట్లు తప్పేవి కావు. "పిల్లల్లేని దానివి, మా పిల్లల మీద పడ్డవేంది" అన్న అత్తగార్లున్నారు. ఆ మాట పడి కూడా వారం తిరక్కుండా అదే గుమ్మం ముందు నిలబడి నీళ్లడిగేది.

ఒకసారి ఉప్పునుంతల వైపు ఒక ఊళ్లో పెద్దమనిషి ఆమెను అందరి ముందూ నిలదీశాడట. "మా మందిని తగ్గించుకుంటే ఓట్లు తగ్గుతయి నర్సమ్మా. ఓట్లు తగ్గితే ఢిల్లీల మనల్ని ఎవడు దేకుతడు?"

ఆ ఊళ్లో ఆ నెల ఒక్కరూ క్యాంపుకు రాలేదు. ఆమె తిరిగొచ్చి తన పై డాక్టరును అడిగింది. ఎంత తగ్గించుకున్నా మీ సీట్లు తగ్గవు, సర్కారు చట్టం చేసింది, ధైర్యంగా పోయి చెప్పు అన్నాడాయన. డాక్టరు అబద్ధమాడలేదు. డెబ్బై ఒకటి నాటి జనాభా ప్రకారం ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ సీట్లో అక్కడికి ఆపేశారు. పిల్లల్ని తక్కువ కన్న రాష్ట్రాలు అందుకు నష్టపోకూడదని చేసిన ఏర్పాటు అది. కానీ దానికి ఒక గడువుంది. ఒకసారి తీరిపోతే మళ్లీ పొడిగించారు. గడువు సంగతి ఆయన చెప్పలేదో, చెప్పినా ఈమె పట్టించుకోలేదో నాకు తెలియదు. ఆమె మాత్రం ఆ ఊరికి తిరిగి పోయి, మీకేమీ తగ్గదు, సర్కారు మాట ఇచ్చింది అని ఇంటింటికీ చెప్పింది. ఆ ఊళ్లోనే కాదు, తర్వాత పోయిన ప్రతి ఊళ్లోనూ చెప్పింది.

ఆ రెండో గడువు దగ్గర పడటంతో నిరుడు టీవీలో సీట్ల గొడవ మొదలైంది. కొత్త జనాభా లెక్కలు తీశాక సీట్లు మళ్లీ పంచుతారని, మన వాటా పడిపోతుందని ఒకాయన, పడిపోదని ఇంకొకాయన గొంతు చించుకుంటున్నారు. ఏమవుతుందో ఈ రోజుకీ ఎవరూ గట్టిగా చెప్పలేరు. నేను సెలవుకని ఇంటికి పోయినప్పుడు మేనత్త టీవీ గొంతు తగ్గించి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"బిడ్డా, నువ్వు పిల్లలకు గిదే చెప్తవు గద. గీళ్లు జెప్పేది నిజమేనా?"

క్లాసులో చెప్పినట్టే చెప్పాను. లోక్‌సభలో మందిని బట్టి సీట్లు. అన్నిటికన్నా పెద్ద రాష్ట్రానికి ఎనభై, మనకు పదిహేడు. ఒకటీ అరా మండలాలు పోను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు మూడింటికీ కలిపి ఒక్క ఎంపీ.

"ముగ్గురు కలెక్టర్లున్నరు, ఢిల్లీకి మాత్రం ఒక్కడేనాయె" అంది. అంతలో ఏదో దారి దొరికినట్టు అడిగింది. "ఇంకో సభ ఉన్నది గద, రాష్ట్రాలది. అండ్ల అందరికి సమానమే ఉంటదా?"

ఉండదన్నాను. రాజ్యసభలో కూడా ఆ పెద్ద రాష్ట్రానికి ముప్పై ఒకటి, మనకు ఏడు.

"రాష్ట్రాల సభ అని పేరు వెట్టి మల్ల మందినే జూస్తరా?"

నేను తలూపాను. ఆమె టీవీ ఆపేసింది.

"సర్కారు మాట నా నోటితోటి ఇచ్చిన బిడ్డా. ఎన్ని ఇండ్లల్ల ఇచ్చిన్నో."

"అది నీ మాట కాదత్తా, చట్టం మాట."

"చట్టం వాళ్ల ఇండ్లకు పోయిందా? నేను పోయిన."

ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సరిగా పోలేదు. ఊరికే కూర్చుని గోడ వైపు చూసేది. చివరికి బల్మూర్ దగ్గర ఒక పల్లెకు తీసుకుపొమ్మని పట్టుబట్టింది. అక్కడ ఒకామె ఉంది. ఇద్దరు పిల్లలు పుట్టాక మేనత్త మాట విని ఆపరేషన్ చేయించుకుంది. తర్వాత కొడుకు జ్వరమొచ్చి పోయాడు. ఇప్పుడు కూతురు అత్తవారింట్లో, ఆమె ఒంటరిగా. మేము పోయేసరికి వాకిట్లో కందులు చెరుగుతూ ఉంది. మేనత్త నీళ్లడగలేదు. నేను చూస్తుండగా ఆమె ఒక ఇంట్లో నీళ్లడగకపోవడం అదే మొదటిసారి. సూటిగా విషయం చెప్పేసింది. నేను మీకు ఇచ్చిన మాట నిలబడుతుందో లేదో తెల్వదు, చెప్పిపోదామని వచ్చాను అంది.

ఆమె చేట కింద పెట్టి విన్నది.

"నర్సమ్మా, నాకు సీట్ల సంగతి తెల్వదు. నువ్వు జెప్పినవని చేపిచ్చుకున్న. పొల్లగాడు పోయిననాడు నిన్ను తిట్టి మన్నుబోసిన. పోనీ, అందరి మంచికే చెప్పింది గద అని మల్ల ఊకున్న. గిప్పుడు నువ్వొచ్చి గా మంచి గూడ అయితదో కాదో అంటివి. నేను ఎవల్ని తిట్టుకోవాలె చెప్పు."

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. మేనత్త ఆమె చేతులు పట్టుకుని కూర్చుంది. నేను సివిక్స్ పాఠాలు చెప్పి జీతం తీసుకుంటాను. ఆమె కింద పెట్టిన చేట వైపు చూస్తూ నిలబడ్డాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేనత్త ఒక్కటే అంది, "తిట్టినా బాగుండు."

ఇంటికొచ్చాక జనాభా లెక్కలు ఎప్పుడని అడిగింది. ఇంకా టైముందని చెప్పాను.

"అందాంక నేనుంట. తగ్గిచ్చిన చేతులే గద ఇవి. ఒక్క తలనన్న పెంచిపోత."

నాన్న నవ్వారు. "ఒక్క తలకు ఏ సీటొస్తదక్కా?"

"ఒక్క ఓటుతోటి సర్పంచి ఓడిపోలేదా తమ్మీ? నవ్వకు."

అప్పటికే ఆమె గుండె బలహీనపడింది. కాళ్లు వాచేవి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఊరందరి ఆరోగ్యం చూసి తన ఒంటిని గాలికొదిలేసిన మనిషి, ఆ రోజు నుంచి ఉప్పు మానేసింది, గోళీలు వేళకు వేసుకుంది. బతకాలన్న ఆశ ఆమెలో అంత గట్టిగా నేనెప్పుడూ చూడలేదు. చూసి సంతోషించాల్సింది పోయి భయపడ్డాను.

లెక్కల వాళ్లు మొదటిసారి వచ్చిన రోజు ఆమె తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకుంది. వచ్చినతను ఇంటి కప్పు గురించి, నల్లా గురించి, బండి గురించి అడిగాడు. అన్నిటికీ ఆమే జవాబు చెప్పి చివర్లో తన పేరు రాసుకున్నావా అని అడిగింది.

"గిది ఇండ్ల లెక్కమ్మా. మనుషుల లెక్కకు మల్లొస్తరు, చలికాలం పోయేటప్పుడు" అన్నాడతను.

ఆమె అతనికి మంచినీళ్లిచ్చి పంపి, లోపలికొచ్చి పడుకుంది. ఆ రాత్రి ఏమీ తినలేదు.

వానలు తగ్గేసరికి ఆమెకు ఊపిరాడటం కష్టమైంది. హైదరాబాద్ తీసుకుపొండి, పెద్ద దవాఖానలో చేర్చండి, ఆలస్యం చేయకండి అన్నాడు డాక్టరు. మేనత్త పోనంది. అక్కడ నెలల తరబడి ఉంటే తనను అక్కడే రాస్తారట. నాగర్‌కర్నూల్ సీటు కిందికి రాకుండా పోతానని ఆమె పట్టు. అట్లా ఉండదత్తా, హైదరాబాదూ మన రాష్ట్రమే, పైగా వైద్యానికి పోయినా ఇంటి దగ్గరే లెక్కిస్తారు, సర్కారు నియమమే అది అని ఎంతో చెప్పాను. ఆమె నా వైపు చూసిన చూపు మరచిపోలేను.

"సర్కారు మాట ఊరూరు తిరిగి చెప్పినదాన్ని నేను. నాకే చెప్తున్నవా బిడ్డా?"

నేను అరిచాను. నాన్న ఆమె కాళ్లు పట్టుకున్నారు. "నా కోసం అన్న రావే అక్కా" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. ఆమె ఆయన తల నిమిరింది, కదలలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ ఆశ లేదు. ఆ ఆశే ఆమెను తీసుకుపోతోందని తెలిసీ మేము చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఎవరి మీద కోపం చూపాలో ఇప్పటికీ తెలియడం లేదు. చట్టం రాసినవాళ్ల మీదనా, గడువు పెట్టినవాళ్ల మీదనా, ఇచ్చిన మాటను ఇంతగా పట్టుకున్న ఆమె మీదనా. బల్మూర్ ఆమె అడిగిన ప్రశ్న చివరికి నా దగ్గరికే వచ్చింది.

రెండో లెక్క మొదలైందని తెలిసిన రోజుకు ఆమె నాగర్‌కర్నూల్ దవాఖానలో ఆక్సిజన్ మీద ఉంది. మాస్కు పక్కకు జరిపి, లెక్కలోళ్లు ఏ వాడలో ఉన్నారని నాన్నను అడిగేది. ఆయన రోజూ పొద్దున పోయి కనుక్కుని వచ్చి చెప్పేవారు. పక్క వాడకొచ్చిండ్రక్కా అని చెప్పిన మర్నాడే ఆమె పోయింది.

మా వాడకు వాళ్లు దినవారాలు కాకముందే వచ్చారు. స్కూల్లో టీచరుగా చేస్తున్న అమ్మాయి, చేతిలో ఫోను. గుండు చేయించుకున్న తలతో నాన్న అరుగు మీద కూర్చుని తన పేరు, అమ్మ పేరు, నా తమ్ముడి పేరు, మరదలి పేరు, వాళ్ల పిల్లల పేర్లు చెప్పారు. నా లెక్క వనపర్తిలో అయిపోయింది. ఆ అమ్మాయి అన్నీ ఫోనులో ఎక్కించుకుని, అంతేనా సార్ అని లేచింది.

"జర కూసోండ్రి మేడం" అన్నారు నాన్న. "మా అక్క ఉండె. పోయింది. రాయరాదని నాకెరుకే, రాయకుండ్రి. గని మమ్ములను అడిగినట్టే ఆమె గురించి గూడ నన్ను ఒక్కసారి అడుగుండ్రి."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె మళ్లీ కూర్చుంది. ఫోను తెర ఆపేసి ఒళ్లో పెట్టుకుని, మిగతా వాళ్లను అడిగిన గొంతుతోనే, అదే వరుసలో అడగడం మొదలుపెట్టింది. పేరు. నాన్న చెప్పారు. వయసు. చెప్పారు. చదువు, పని. బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు ఒక్కొక్కటీ స్పష్టంగా చెప్పారు.

"పిల్లలు ఎంతమంది సార్?"

నాన్న నోరు తెరిచారు. వీధి వైపు చూశారు, ఇంట్లోకి చూశారు, నా వైపు చూశారు. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని ఆయన జవాబు కోసం అట్లాగే కూర్చుంది.