బాత్రూం తలుపు చాటున

నవ్వితే నవ్వండి గానీ మధ్యలో ఆపకండి. పాప మీద ఒట్టేద్దామంటే మా ఆవిడ ఊరుకోదు. కాబట్టి అన్నవరం సత్యనారాయణస్వామి మీదే వేస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పించింది లేదు. దెయ్యాలంటే నమ్మకం లేనివాణ్ణి నేను. రాజమండ్రిలో చీరల కొట్టు నడిపేవాడికి, బేరమాడే ఆడవాళ్ళ కంటే భయపెట్టేవి ఇంకేం ఉంటాయి చెప్పండి!

మా అత్తారిది మండపేట. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు, పైన డాబా. మా ఆవిడ లలిత పురిటికి అక్కడే ఉంది. ఆపరేషన్ చేసి పాపని తీశారు. బారసాలకి నేను ముందురోజు సాయంత్రమే వెళ్ళాను. మావగారు పువ్వుల కోసం కడియం వెళ్ళి, వాన పట్టుకోవడంతో రాత్రికి అక్కడే చుట్టాలింట్లో ఉండిపోయారు. ఇంట్లో లలిత, పాప, మా అత్తగారు, నేను. అంతే. ఇంకెవరూ లేరు.

మా అత్తగారి గురించి చెప్పాలి. మాణిక్యమ్మగారు. ఆవిడ నా ఎదుటపడి మాట్లాడరు. ఈ రోజుల్లో కూడానా అంటారు మీరు. ఈ రోజుల్లోనేనండి. వీడియో కాల్ చేసినా చీరచెంగు తప్ప ఏమీ కనిపించదు. ఏం అడిగినా తలుపు చాటు నుంచే. "అల్లుడుగారు పెరుగేసుకున్నారో లేదో చూడవే అమ్మాయ్." అమ్మాయి దగ్గర్లో లేకపోతే తలుపుతోనే చెప్పేస్తారు. "వేణ్ణీళ్ళు కాగాయండీ" అని. తలుపు స్నానం చెయ్యదు కాబట్టి నేనే లేచి వెళ్ళాలి.

ఆ రాత్రి భోజనం అదిరిపోయింది. పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు, పైన పూతరేకులు. పొట్ట నిమురుకుంటూ గదిలోకి వెళ్ళేసరికి... లలిత మంచం అంచున కూర్చుని ఉంది. ఒళ్ళంతా చెమట. దుప్పటి గుప్పిట్లో నలిపేస్తోంది.

"ఏమైంది?"

"ఏం లేదండి."

"లల్లీ, ఏమైంది?"

ఏడ్చేసింది. "బాత్రూం పని చెయ్యట్లేదండి. మధ్యాహ్నం నుంచి. నీళ్ళు పోస్తే కిందికి పోవట్లేదు, పైకొస్తున్నాయి. మీకు చెప్పొద్దంది అమ్మ."

అల్లుడు వచ్చిన పూట దొడ్డి సంగతి చెబుతారా! పరువు పోదూ! మా గోదావరి జిల్లాల మర్యాద అలాంటిది, ప్రాణం మీదికొచ్చినా నోరు విప్పదు. పెరట్లో పాతది ఉంది, అందులోనూ నీళ్ళు దిగట్లేదు. బేసిన్ పెట్టి చూశారట. కుట్లు లాగేస్తుంటే భయానికి అసలు రాలేదట. మధ్యాహ్నం నుంచి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ప్లంబరు పొద్దున్న వస్తానన్నాడట. డాక్టరమ్మ ముందే చెప్పింది, ఆపుకోకూడదు, ముక్కకూడదు అని. పొత్తికడుపు ముట్టుకోబోతే చాలు, అరుస్తోంది. ఇంకాసేపు ఇలాగే ఉంటే ఈ వానలో ఆసుపత్రికి మోసుకుపోవాల్సిందే.

బాత్రూం తలుపు తోశాను. లోపల మా అత్తగారు. అల్లుడొచ్చాడని కట్టుకున్న మంచి చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, మోచేతి దాకా ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, కమోడ్‌లో చెయ్యి పెట్టి ఉన్నారు. ఎప్పట్నుంచి ఆ పనిలో ఉన్నారో! మధ్యమధ్యలో వచ్చి, చేతులు కడుక్కుని, తలుపు చాటు నుంచే నాకు పూతరేకులు అందించారన్నమాట. ఆ క్షణంలో ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

"అయ్యయ్యో! అల్లుడుగారు ఇక్కడికి రాకూడదండీ!" అంటూ చటుక్కున తలుపు వెనక్కి తప్పుకున్నారు.

"మీరు నీళ్ళందించండి, నేను చూస్తాను" అన్నాను. చొక్కా విప్పేశాను.

అలా మొదలైంది. నేను లోపల, ఆవిడ తలుపు బయట. తలుపు సందులోంచి ఒక్క చెయ్యే వస్తుంది. గాజులు గలగలమంటాయి. బకెట్ లోపలికొస్తుంది. నేను ఎత్తి ఒక్కసారిగా గుమ్మరిస్తాను. నీళ్ళు అంచు దాకా లేస్తాయి... ఆగుతాయి... ఆ తర్వాత లోపల్నుంచి... గుడ... గుడ... గ్ళక్. ఎవరో అడుగున కూర్చుని పుక్కిలిస్తున్నట్టు. ఒక పెద్ద బుడగ పైకొచ్చి పగులుతుంది. నీళ్ళు మాత్రం దిగవు.

మళ్ళీ బకెట్. మళ్ళీ గాజులు. మళ్ళీ గుడ... గుడ...

పక్క గదిలో లలిత "అమ్మా!" అని అరిచింది. నేను కర్ర లోపలికి పెట్టి పొడుస్తున్నాను. ఏదీ తగలడం లేదు. అడ్డం ఉంటే కదా తగలడానికి! బయట వాన. లోపల ఆ బుడగలు. ఇక నావల్ల కాదనుకుని కింద కూలబడ్డాను.

అప్పుడు... తలుపు చాటు నుంచి...

"నాయనా..."

నేను తిరగలేదు. తిరిగినా ఆవిడ కనిపించరు కదా. "ఆఁ, చెప్పండి" అన్నాను.

"పైకెళ్ళు నాయనా... గొట్టానికి ఊపిరాడటం లేదు."

మెల్లగా. ఏ తొందరా లేకుండా. పసిపిల్లలకి చెప్పినట్టు.

ఆలోచించలేదు. లేచాను. తలుపు బయట నిండు బకెట్ ఉంది, మనిషి లేరు. నేనొస్తున్నానని తప్పుకున్నారనుకున్నాను. చీకట్లో మెట్లెక్కి డాబా మీదికి పోయాను. బారసాల భోజనాలకి షామియానా వేసి ఉంది. దాని పక్కనే, పిట్టగోడ మూల, సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం. ఫోన్ లైటు వేశాను.

గొట్టం మూతికి పాలిథిన్ కవరు. దానిమీద పురికొస. ముడి మీద ముడి. కవరు ఉబ్బి, బిర్రుగా ఉంది... కొంచెం కొంచెం కదులుతోంది.

పళ్ళతో కొరికి తెంపాను. హుస్స్... మని మొహం మీదికి ఒక వేడి గాలి. ఆ కంపు పగవాడికి కూడా వద్దు. అదే క్షణాన కింద ఇల్లంతా వినబడేలా ఘళ్ళుమని నీళ్ళు దిగిపోయాయి.

పరుగెత్తుకొచ్చాను. కమోడ్ శుభ్రంగా ఉంది. లలితని నడిపించుకొచ్చి లోపల కూర్చోబెట్టాం. బయట నేను గోడకి ఆనుకుని, అత్తగారు వంటింటి తలుపు చాటున. ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. చాలాసేపటికి... ఫ్లష్ చప్పుడు. ఆ వెంటనే లలిత నవ్వుతూ ఏడుస్తున్న చప్పుడు. సన్నాయి మేళం కూడా నా చెవులకి అంత హాయిగా ఎప్పుడూ లేదు.

"మీరు చెప్పబట్టి సరిపోయిందండీ, లేకపోతే ఆసుపత్రే" అన్నాను వంటింటి తలుపుతో.

తలుపు అవతల గాజులు గలగలమన్నాయి.

"నేనేం చెప్పానండీ?"

"అదే... పైకెళ్ళి గొట్టం చూడమన్నారు కదా. దానికి కట్టిన కవరు తెంపగానే నీళ్ళు దిగిపోయాయి."

మా అత్తగారు తలుపు చాటు నుంచి బయటికొచ్చారు. పెళ్ళయ్యాక మొదటిసారి, నా మొహంలోకి సూటిగా చూశారు. మొహం పాలిపోయి ఉంది.

"నేను అనలేదండీ. అమ్మాయి అరిచింది కదా, అప్పుడే దాని దగ్గరికెళ్ళాను. అసలు ఆ కవరు కట్టిందే నేనండీ. రేపు భోజనాల దగ్గర వాసన రాకూడదని మధ్యాహ్నం కట్టాను. దానివల్లే ఇదంతా అని తెలిస్తే నేనే పోయి విప్పనా?"

"అమ్మ నా నడుం పట్టుకుని కూర్చునే ఉందండి" అంది లలిత లోపల్నుంచి.

అప్పుడు తట్టింది... ఆ మాట వచ్చినప్పుడు గాజులు మోగలేదు. ఆవిడ నన్ను 'అండీ' తప్ప ఇంకోలా పిలిచింది కూడా లేదు. కొట్టు షట్టరు చూశాను. తాళం వేసే ఉంది. పెరటి తలుపు చూశాను. లోపల గడియ వేసే ఉంది.

చనిపోయిన తన నాన్నమ్మ అందర్నీ 'నాయనా' అనేదని లలిత తర్వాత చెప్పింది. ఆ మాటకొస్తే మండపేటలో సగం మంది ముసలమ్మలు అలాగే పిలుస్తారు. దాన్నిబట్టి ఏం తేల్చగలం? అలసటకి నా చెవులే అలా విన్నాయేమో. మరి గొట్టం సంగతి నా చెవులకెలా తెలుసు?

తెల్లారింది. మావగారు పువ్వులతో వచ్చారు. చుట్టాలొచ్చారు. పాపని ఉయ్యాల్లో వేశారు. మా అత్తగారు ఆ కవరు మళ్ళీ కట్టనివ్వలేదు. పెద్దలు ముక్కులు మూసుకున్నా సరే, కట్టనివ్వలేదు. పంక్తి వెయ్యకముందే ఒక అరిటాకు పట్టుకెళ్ళి, తిన్నగా ఆ గొట్టం పక్కన పరిచారు. పులిహోర, బూరెలు, ముద్దపప్పు, పైన చారెడు నెయ్యి. అన్నీ తన చేత్తోనే వడ్డించారు. వంటవాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తున్నారు.

"ఎవరికండీ?" అన్నాను దగ్గరికెళ్ళి.

"ఎవరైతే నాకేంటండీ? నా పిల్లని గట్టెక్కించారు. మనింటికొచ్చి పస్తుతో వెళ్ళకూడదు కదా."

అంత భయంలోనూ ఆవిడకి తోచింది అదీ! మా అత్తగారండి, ఏమనుకున్నారు!

పంక్తులన్నీ అయ్యాక వెళ్ళి చూశాను. కాకులైతే చిందరవందర చేస్తాయి. గాలైతే ఎగరగొడుతుంది. ఆ ఆకు మాత్రం... తిన్నవాళ్ళు మడిచినట్టు, చక్కగా మడిచి ఉంది. పిల్లల్ని అడిగాను, వంటవాళ్ళని అడిగాను. ఎవరూ అటు పోలేదన్నారు. విప్పి చూద్దామని వంగాను. చెయ్యి ఇంత దూరంలో ఉంది...

"ఎంగిలాకు ఎత్తడం అల్లుడుగారి పనా అండీ!" అంటూ మా అత్తగారు వచ్చేశారు. రెండు చేతులా ఎత్తుకుని, కిందికి తీసుకుపోయారు.

అందులో ఏమైనా మిగిలి ఉందో లేదో ఆవిడకి తెలిసే ఉంటుంది. అడుగుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ఇప్పటికీ అడగలేదు.