గాలి తగ్గితే లేచే మనిషి

ఉదయం ఎనిమిదిన్నరకు రాజనర్సు కిటికీకి దుప్పటి కట్టి పడుకుంటాడు. అప్పటికి సూరత్ శివారు సచిన్ ప్రాంతంలోని కార్ఖానాలో రాత్రి పాళీ ముగించి, ఉన్ అనే బస్తీలోని ఒంటిగదికి చేరి, అన్నం తిని ఉంటాడు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. ఇరవై ఏళ్లుగా సూరత్‌లో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతున్నాడు.

ఈ ఎండాకాలం ఆయనకు పగటి నిద్ర పట్టలేదు. దాంతో రెండుసార్లు సాంచె ముందే కునుకు తీశాడు. పోగులు తెగి గుడ్డ పాడైంది. ఇంకోసారి కునుకుతూ కనబడితే ఆయన నడిపే పది సాంచెలూ వేరేవాళ్లకు ఇస్తానని కార్ఖానా యజమాని సేఠ్ చెప్పేశాడు.

గదిలో ఫ్యాను లేక కాదు. అదే గదిలో భార్య సారక్క పగలంతా చీరలకు మెరుపు రాళ్లు అతికిస్తుంది. ఫ్యాను తిరిగితే బంక ఆరిపోతుంది, ఆవగింజంత రాళ్లు మంచం కిందికి దొర్లిపోతాయి. తిరగకపోతే ఆయన ఒళ్లంతా చెమట. కూలరు తెచ్చి చూశారు. సూరత్ గాలిలో ఉన్న తేమ చాలనట్టు అది ఇంకొంత తేమ కలిపింది. ఇక ఏసీ తప్పదనుకుని, బావమరిది మొండయ్యను వెంటబెట్టుకుని భార్యాభర్తలిద్దరూ దుకాణానికి వెళ్లారు.

దుకాణదారు ఓంప్రకాష్ రెండు రకాలు చూపించాడు. ఒకటి ఒకే వేగంతో నడుస్తుంది, గది చల్లబడగానే బయటి మోటారు ఆగుతుంది, వేడెక్కితే మళ్లీ మొదలవుతుంది. రెండోది ఆగదు. గది చల్లబడేకొద్దీ మోటారూ, లోపలి గాలీ రెండూ వేగం తగ్గించుకుంటాయి. రెండోదానికే కరెంటు తక్కువ అన్నాడు.

"ఆగకుంట నడిచేది కరెంటు తక్కువెట్ల తింటది?" అని రాజనర్సు బావమరిదిని అడిగాడు.

"నువ్వు ఆగకుంట నడుస్తలేవా బావా? ఏం తింటున్నవ్?"

"నవ్వులాట కాదురా. మోటరు స్పీడు తగ్గిందంటే వోల్టేజీ పడ్డట్టు. లేకుంటే మోటరే ఖరాబైనట్టు. గీ దుకాణం సేఠేమో తగ్గేదే మంచిదంటుండు!"

ఓంప్రకాష్ హిందీలో మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. సైకిలు మీద గుట్ట ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కుతాం, ఎక్కాక మెల్లగా తొక్కుతాం, ఇదీ అంతే అన్నాడు. రాజనర్సు తల ఊపాడు. బయట టీ బండి దగ్గరికి వచ్చాక అడిగాడు.

"సైకిల్ ముచ్చట సమజైందారా నీకు? మనింట్ల గుట్ట యాడుంది?"

"సమజైనట్టే ఉండె. నువ్వడిగినంక పోయింది," అన్నాడు మొండయ్య.

సారక్క గ్లాసు కింద పెట్టింది. "మెల్లగ గాలి కొట్టేదే తీసుకుందాం. నా రాళ్లు ఎగరొద్దు, నువ్వు పండాలె. గంతే." రెండో రకమే కొన్నారు.

బిగించిన మొదటి పొద్దున రాజనర్సు పడుకోగానే నిద్రపోయాడు. గది చల్లబడింది. గాలి వేగం తగ్గింది. ఆయన లేచి కూర్చున్నాడు.

సాంచెల మనిషి ఎంత మోతలోనైనా నిద్రపోగలడు. మోత తగ్గితే మాత్రం లేస్తాడు. తగ్గిందంటే ఎక్కడో ఒక సాంచె ఆగినట్టే. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఏసీ ఆపి మళ్లీ వేశాడు. అది జోరందుకుంది, ఆయన ఒరిగాడు. అది తగ్గింది, ఆయన లేచాడు.

"ఏందయ్యా, నిద్రకని కొంటివా, కావలి కాయనీకి కొంటివా?" అంది సారక్క.

"బందైంది గద!"

"బందు కాలే. చెయ్యి వెట్టి సూడు, సల్లగనే వస్తుంది."

"మరి చప్పుడేది?"

ఆ రోజు ఆయన నిద్ర లేకుండానే పాళీకి వెళ్లాడు. పొద్దున ఎర్రబడ్డ కళ్లతో తిరిగి వచ్చేసరికి మొండయ్య గదిలో ఉన్నాడు. "వాపసిచ్చి మొదటిది తెచ్చుకో బావా. అది ఆగితే ఠక్కున ఆగుతది, తెలుస్తది."

"ఠక్కుమంటే ఇంకా జల్ది లేస్త గదరా!"

ఏది మంచిదో ఎవరికీ తేలలేదు. సారక్క ఫోన్ చేస్తే ఓంప్రకాష్ స్వయంగా వచ్చాడు. సంగతి విని రిమోట్ అందుకున్నాడు. లోపలి గాలి తనంతట తాను తగ్గే పద్ధతి తీసేసి, ఒకే వేగం మీద, అదీ కింది వేగం మీద నిలిపాడు. బయటి మోటారు తన పద్ధతిలోనే నడుస్తుంది, అది మేడ మీద ఉంది కాబట్టి మీకు వినబడదు అన్నాడు.

రాజనర్సు ఏసీ వైపు వేలు చూపించాడు. "స్పీడు మారుతదని కొంటిమి. ఇప్పుడు మారకుంట చేసిండు. మరి మనం కొన్నదేంది?"

ఓంప్రకాష్‌కు తెలుగు రాదు గాని ప్రశ్న అర్థమైంది. మళ్లీ సైకిలు ఎత్తుకోబోయాడు.

"వద్దు సేఠ్, ఆయన్ని పండనియ్యి," అంటూ సారక్క చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ పగలు రాళ్లు కదలలేదు. బయట కుక్కర్ల ఈలలూ, ఆటోల హారన్లూ ఆయన్ని లేపలేదు. సాయంత్రం సారక్క భుజం పట్టి కుదిపితే లేచాడు. గది ఎందుకు చల్లగా ఉందో, గాలి ఎందుకు తగ్గలేదో మరోసారి అడిగి, జవాబు వినకుండానే పాళీకి బయలుదేరాడు.

ఆ వారం కార్ఖానా సేఠ్ ఒక రాత్రి చెప్పకుండా సాంచెల దగ్గరికి వచ్చాడు. రాజనర్సు నిలబడి తెగిన పోగు ముడి వేస్తున్నాడు. పది సాంచెలూ రాజనర్సు దగ్గరే ఉండిపోయాయి.