ఎల్లమ్మ అంగూఠా

బేగంబజార్ల స్టీలు గిన్నెల గోదాముల ఎల్లమ్మ ఇరవై ఏండ్ల సంది ప్యాకింగ్ చేస్తుండె. పళ్లానికీ పళ్లానికీ నడుమ పాత పేపర్ పెట్టి, గడ్డి కుక్కి ఆమె పెట్టె కడితే, ఎంత దూరం పోయినా ఒక్కదానికి సొట్ట పడకపోయేది. నేను గాడనే కంప్యూటర్ ఆపరేటర్ని. రామ్‌చందర్ అంటరు.

పొద్దుగాల హాజరు రిజిస్టర్ల ఆమె సంతకం పెడుతుంటే వెనకున్నోళ్లకు ఒళ్లు మండేది. మూడంటే మూడక్షరాలు, నింపాదిగ రాసేది. ఒత్తు కాడ ఆగి, గాలి పీల్చుకొని, మళ్ల రాసేది. కిషన్‌బాగ్ల సాయంత్రం బడికి పోయి, ముప్పై ఐదేండ్లప్పుడు నేర్చుకుంది.

రెండువేల ఆరుల సేటు గోదాము తలుపుకు వేలిముద్ర మిషిన్ పెట్టిచ్చిండు. దాని వైరు పైన నా కంప్యూటర్ల కలిసింది. వేలు పెడితే తలుపు తెర్సుకుంటది, హాజరు పడతది. అందరి వేళ్లు నేనే ఎక్కిచ్చిన. ఎల్లమ్మ మాత్రం చెయ్యి కొంగుల దాసుకుంది.

"నేను అంగూఠా పెట్టను. సంతకం పెడత."

"తలుపుకు చదువొస్తదా అక్కా? అందరు పెట్టిన్రు. నీదేమన్న బంగారు వేలా?" అన్న నేను.

మూడొద్దులు బయట మెట్ల మీదనే కూసుంది. "సోమవారం నుంచి వేరేటామెను పెట్టుకుంట" అన్నడు సేటు. నాకు మస్తు కోపమొచ్చింది. ఇరవై ఏండ్ల కొలువు ఒక్క వేలుకు పోగొట్టుకుంటదా! తిడదామనే కిందికి దిగిన.

"మా ఆయన సచ్చిపోయిన ఏడు, రేషన్ కార్డుకని మా మరిది కాయితం మీద అంగూఠా ఏపిచ్చుకుండు" అన్నది ఎల్లమ్మ. "గది ఇల్లు రాసిచ్చిన కాయితమట. గందుకే బడికి పోయిన. కాయితమైతే కండ్లతోని చూడొచ్చు. నీ డబ్బాల పడ్డ వేలు ఏడికి పోతది బిడ్డా? రేపు నేను కొలువిడిస్తే ఏం చేస్తరు దాన్ని?"

 పైకి పోయి కంప్యూటర్ల చూసిన. మిషిన్ పెట్టిన రెండోనాడే లొల్లి పెట్టుకొని పోయిన ఈశ్వరయ్య వేలు ఇంకా అండ్ల పదిలంగున్నది. ఆయన ఇప్పుడొచ్చి వేలు పెట్టినా తలుపు తెర్సుకుంటది. మస్తు సిగ్గయింది. తీసేసిన.

కాయితం మీద తెలుగుల రాసిన: "ఎల్లమ్మ వేలిముద్ర తలుపుకు, హాజరుకు తప్ప దేనికీ వాడము. కొలువు విడిచిన దినమే తీసేస్తాము."

అక్షరాల కింద వేలు జరుపుకుంట చదివింది. "తీసేస్తాము అంటే ఎవరు? పేరు రాయి."

నా పేరు రాసిన. ఇద్దరం సేటు కాడికి పోయినం. "అరే, ఇత్నీసీ బాత్! గింత చిన్న ముచ్చటనా!" అని సేటు పెన్ను తీసిండు. ఎల్లమ్మ కాయితం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు సేటూ. నీకు తెలుగు చదువరాదు గద. తెల్వకుండ ఏడబడితే ఆడ సంతకం పెట్టకు. నేను చదివి చెప్త, ఇను."

సేటు నవ్వబోయి ఆగిండు. పెన్ను కింద పెట్టి, ఆఖరి దాంక ఇన్నడు. అప్పుడు పెట్టిండు సంతకం. ఎల్లమ్మ కిందికొచ్చి మిషిన్ మీద వేలు పెట్టింది. తలుపు తెర్సుకుంది.

గోదాముల పద్దెనిమిది మందిమి. ఒక్కలన్న అడిగినమా? అందరి కంటె ముంగట ఎక్కింది నా వేలే. బీకాం చదివినోన్ని. రేపు నేను కొలువిడిస్తే నా వేలు తీసేటోడెవడో నాకే తెల్వదు.