పెద్దమ్మ గొంతు కోసం బొమ్మసంద్ర దాకా

మా పెద్దమ్మ ఒకప్పుడు మద్రాసులో హీరోయిన్లకు డబ్బింగు చెప్పేది. తెర మీద ఆమె పేరు ఎన్నడూ పడలేదు. నిరుడు గొంతు క్యాన్సరని స్వరపేటిక తీసేశారు. అప్పట్నుంచి పెదవులు కదుపుతుంది, మేం చూసి అర్థం చేసుకుంటాం. ఈ మధ్య జబ్బు తిరగబెట్టింది. ఒకరోజు నన్ను మంచం దగ్గరికి పిలిచి, ఒక పాత సినిమా పేరు చెప్పి, "మొదటిది కావాలి. నా మాట వినాలి" అంది.

ఆ సినిమాకు రెండు రూపాలు. మొదటిదాంట్లో హీరోయిన్ మొగుడి శవం పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడి, తర్వాత ఏడుస్తుంది. అంతా పెద్దమ్మ గొంతే. జనం రాలేదు. వారం తిరక్కుండానే ఆ మాటలు కోసేసి, మిగతా మాటలన్నీ హీరోయిన్‌తోనే మళ్ళీ చెప్పించి వదిలారు. టీవీలో వేసేది ఆ రెండోదే. మైసూరు ఏరియాకు వెళ్లిన మొదటి ప్రింటు మాత్రం వెనక్కి రాలేదట. ఆ డిస్ట్రిబ్యూటరు మనవడు కుందలహళ్ళిలో ఉంటాడని వాకబు చేస్తే తెలిసింది.

రాత్రి విజయవాడలో రైలెక్కాను. సైడ్ అప్పర్ ఇచ్చారు, నడుము పట్టేసింది. మర్నాడు మధ్యాహ్నం కృష్ణరాజపురంలో దిగి మెట్రోలో కుందలహళ్ళి చేరాను. ఆంధ్రా మెస్సులో పప్పు, గోంగూరతో భోజనం, ఆ పై వీధిలోనే గది. గదికి కిటికీ లేదు, తెలిసి వెళ్లండి.

మనవడు సాయంత్రం వచ్చాడు. "సారీ అంకుల్, మీటింగ్స్‌తో లేట్ అయింది. తాతగారి రీల్స్ అన్నీ బొమ్మసంద్ర షెడ్‌లో ఉన్నాయి. మండే రోజు స్క్రాప్‌కి వెళ్లిపోతాయి. మీరు లక్కీ" అన్నాడు.

మర్నాడు తన కారులోనే తీసుకెళ్లాడు. ఎనిమిదిలోపు బయల్దేరమని అందరూ చెప్పారు. మేం తొమ్మిదిన్నరకు బయల్దేరి హోసూరు రోడ్డు మీద ఉడికిపోయాం.

షెడ్డు తలుపు తీయగానే పుల్లటి వాసన కళ్లలోకి కొట్టింది. తాతగారి కాలం ఆపరేటరు మునెప్ప మాకోసం కాచుకుని ఉన్నాడు. "డబ్బాలు ఉండాయి అప్పా. లోపల ఫిల్ము అంతా గడ్డ కట్టుకునుండాది. కడా రీలు ఒగటి కొంచెం విడిపోతాది" అన్నాడు. పాత ఎడిటింగు బల్ల మీద ఆ చివరి రీలు ఎక్కించి, చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పాడు.

చిన్న గాజు తెర మీద శవం కనబడింది. పక్కన హీరోయిన్ కూర్చుంది. పెదవులు కదిలాయి. స్పీకరులోంచి బరబర తప్ప ఏమీ రాలేదు.

"సౌండు ఫిల్ము అంచులో ఉంటాది కదప్పా. ఈడ అంచంతా కరిగిపోయుండాది."

తలతిప్పుకోబోయి ఆగాను. ఆ పెదవులు నాకు తెలుస్తున్నాయి. ఇన్ని నెలలుగా పెద్దమ్మ నాకు నేర్పింది అదే. 'నాకు చెప్పకుండా వెళ్లడం నీకు అలవాటేగా. ఈసారీ అంతే. లే, అన్నం చల్లారిపోతోంది.' ఒక్క ముక్క కూడా పోకుండా చదివాను. ఆ మాటలు దొరికాయి, గొంతు దొరకలేదు.

చివర్లో అంచు కాస్త బాగున్నట్టుంది, ఏడుపు వినబడింది. టీవీలో వచ్చేదీ అదే ఏడుపు. మాటలు కోసినవాళ్లు దాన్ని మార్చలేదు. ఆ సీను రాగానే పెద్దమ్మ వంటింట్లోకి ఎందుకు వెళ్లిపోయేదో అప్పుడు తెలిసింది. ఫోనులో రికార్డు చేసుకున్నాను. మళ్ళీ తిప్పమంటే మునెప్ప తల అడ్డంగా ఊపాడు. ఫిల్ము అప్పటికే పెళుసుగా విరిగిపోతోంది.

మర్నాడు తిరుగు రైలు. ఎదురు సీట్లో చిత్తూరులో దిగే ఒకామె, మేస్త్రీ పనికి వచ్చి వెళుతోంది. ఇయర్‌ఫోన్లు గదిలో మరిచాను. ఫోను చెవికి ఆనించుకుని ఆ ఏడుపు మరోసారి విన్నాను. ఆమె చేతిలో పొట్లం పక్కన పెట్టేసింది.

"ఎవురు నాయనా పోయింది?"

"ఎవరూ పోలేదమ్మా. సినిమా."

ఆమె నా మొహంలోకి చూసింది. "సినిమాలో అట్లా ఏడవరు" అంది. "ఎవురో చెప్పు."

మా పెద్దమ్మ అని చెప్పాను. ఆమె నా పక్కకొచ్చి, చిత్తూరు వచ్చేదాకా అక్కడే కూర్చుంది.