లిమ్ ఆంటీ పుట్టించిన ఐరిస్

ఆ ఐరిస్ పువ్వును పుట్టించింది మా పొరుగింటి లిమ్ ఆంటీ. దాన్ని అమ్మే పూల జాబితాలో మాత్రం పుట్టించినవారి పేరు వేరే ఉంది. అది అన్యాయం. మూడేళ్ళు ఉత్తరాల్లో ఇదే మాట రాశాను.

ఇవాళ పొద్దున, ఐరిస్ దుంపలు దాచిన కూరగాయల అరను ఫ్రిజ్‌లోంచి లాగగానే చల్లటి మట్టి వాసన వచ్చింది. దాంతోపాటు సింగపూర్‌లోని ఆంగ్ మో కియోలో మా నాలుగో అంతస్తు వరండా, చేతిలో పట్టకారుతో ఆంటీ గుర్తొచ్చారు. గడ్డం ఐరిస్ చలిదేశపు మొక్క. మూడు రెక్కలు పైకి లేస్తాయి, మూడు కిందికి వాలతాయి; వాలిన ప్రతి రెక్క మీదా గొంగళిపురుగులాంటి నూగు గడ్డం. చలి తగలకపోతే పూయదు. సింగపూర్‌లో శీతకాలం ఎక్కడిది? అందుకే అల్లం కొమ్ముల్లాంటి ఆ దుంపల్ని ఆవిడ మూడు నెలలు ఫ్రిజ్‌లో పడుకోబెట్టేవారు.

ఒకసారి ఆవిడ ఊరికి వెళ్తూ తాళం నాకిచ్చారు. మా ఫ్రిజ్ నిండిపోయిందని సంచీడు ఆపిల్ పళ్ళు తెచ్చి ఆవిడ ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ ఏడు ఒక్క మొగ్గ రాలేదు. మగ్గే పండు వదిలే ఆవిరి దుంపలోని మొగ్గను చంపేస్తుందట.

“రావ్! నా ఫ్రిజ్ నీకు మార్కెట్టా లా?” అని అక్కడివాళ్ళలా మాట చివర ‘లా’ తగిలించి అరిచి, తన పూల నోట్‌బుక్ నా ముందు పడేశారు. “రాయి.”

“ఇంగ్లీషు రాయడం రాదు ఆంటీ.”

“తప్పు చేయడం వచ్చిందిగా! ఏం జరిగిందో, ఎవరు చేశారో, అంతే.”

ఐదో తరగతితో బడి మానేసి ఓడల యార్డులో పనికొచ్చినవాణ్ణి. ఆవిడ ఒక్కో అక్షరం చెబుతుంటే ఇంగ్లీషులో నేను రాసిన మొదటి వాక్యం: ‘ఆపిల్స్ పెట్టింది రావ్.’ తర్వాత లైబ్రరీలో ఎన్ని పుస్తకాలు నమిలినా, నా చదువు మొదలైంది అక్కడే.

మరుసటేడు రెండు కుండీలు ఒకే వారం పూశాయి. ఆవిడ పట్టకారుతో ఒకదాని పుప్పొడి తీసి రెండోదానికి అద్ది, చీటీ కట్టారు: ముందు తల్లి పేరు, తర్వాత తండ్రి పేరు, కింద తన పేరు. నోట్‌బుక్‌లోనూ అదే రాసుకున్నారు. “పెళ్ళి చేయించినవాళ్ళ పేరు లేకపోతే ఎలా?” అని నవ్వారు. రెండు నెలలకు కాయ ముదిరింది. ఇక్కడ మొలకలు బతకవని గింజల్ని చలిదేశంలో ఒక పూల పెంపకందారుకు పంపారు.

ఆ మొక్క పూసేనాటికి ఆంటీ లేరు. నోట్‌బుక్ నాకు మిగిలింది. ఆ పెంపకందారు అమ్మే పూల జాబితాలో బొమ్మ చూశాను: పనసతొన రంగు రెక్కలు, ఇటుక రంగు గడ్డం. తల్లీ తండ్రీ ఆంటీ రాసినవే. పుట్టించింది మాత్రం ఆయనట!

“పరాయివాళ్ళ పువ్వుకి మీకెందుకండీ అంత మంట?” అంది మా ఆవిడ.

“నా తప్పు కింద నా పేరు రాయించారే, ఆవిడ చేసినదాని కింద ఆవిడ పేరు ఉండొద్దా?”

నోట్‌బుక్ పేజీ నకలు జతచేసి ఆయనకు పదకొండు ఉత్తరాలు రాశాను. పదకొండోదానికి జవాబొచ్చింది:

“రావ్ గారూ, గింజ మొలిపించి నాలుగేళ్ళు సాకాను కదా, బిడ్డ నాదే అనుకున్నాను. మీరన్నదే నిజం. ఈ ఏటి జాబితాలో పుట్టించినవారు లిమ్ గారు. పెంచినవాడిగా నా పేరు కింద ఉంటుంది. ఇక నన్ను తిట్టడానికి మీకు కారణం లేదు. అయినా ఉత్తరాలు ఆపకండి. ఆ నోట్‌బుక్‌లో మిగతా పేజీలు నాకు ఎవరు చదివి చెబుతారు?”