రెండేళ్లవాడి డ్యూటీ డ్రెస్సు

కొత్తవాళ్లెవరైనా బట్టలు కుట్టించుకోవడానికి వస్తే యూనిఫాం మాస్టారు టేపు తీయడు. మిషను మీంచి తలెత్తి, కళ్లజోడు ముక్కు చివరికి లాక్కుని, ఒకే ఒక్క ప్రశ్న వేస్తాడు. "నిలబడే ఉద్యోగమా, కూర్చునే ఉద్యోగమా?"

దాన్నిబట్టే కత్తెర ఆడుతుంది. డ్రైవరయితే సీటు దగ్గర రెండు పొరల గుడ్డ. లిఫ్టు నడిపేవాడికి కుడిచెయ్యి రోజంతా పైకే ఉంటుంది కనుక ఆ చెయ్యి అరంగుళం పొడుగు. గేటు దగ్గర కుర్చీలో కునుకు తీసే కాపలా మనిషికి మెడ వెనక కాలరు మెత్తన. పై అధికారి ముందు చేతులు కట్టుకుని తిట్లు తినేవాడికి చంకల దగ్గర వదులు. మనిషి లావా, సన్నమా అన్నది ఆయనకు ఆఖరి సంగతి. "ఒళ్లు ఇవాళ ఉన్నట్టు రేపుండదయ్యా, పని మాత్రం ఎక్కడికీ పోదు" అంటాడు.

జిరాక్సు షాపుకీ, గడియారాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గది. నలభై ఏళ్లుగా అదే గది, అదే మిషను. ఊళ్లో గేటు తీసేవాళ్లూ, బస్సు తోలేవాళ్లూ, ఆస్పత్రిలో మంచాలు తోసేవాళ్లూ, అందరి ఒంటిమీదా ఆయన కుట్టే. కన్నకూతురి ఒంటిమీద మాత్రం లేదు.

దానికో కారణం ఉంది. ఆ పిల్లకు ఎనిమిదేళ్లప్పుడు, ఎవరో సెక్యూరిటీ కంపెనీవాళ్ల బూడిదరంగు గుడ్డ మిగిలితే మాస్టారు ముచ్చటపడి గౌను కుట్టాడు. ఆయనకు గౌను వస్తేగా! భుజాలకు పట్టీలు, ఛాతీ మీద పేరు రాసుకునే జేబు, నడుముకు బెల్టు దూర్చుకునే లూపులు. పిల్ల అది వేసుకుని బడికి వెళ్తే దారిలో ఒక పెద్దాయన స్కూటరు ఆపి, "గేటు ఎన్నింటికి తీస్తారమ్మా?" అని అడిగాడు. ఆ పెద్దాయన కళ్లు ఎక్కడ పెట్టుకున్నాడో ఆ దేవుడికే ఎరుక. తరగతిలో సంవత్సరమంతా ఆ పిల్లకు 'గేటు' అనే పేరు స్థిరపడిపోయింది. తండ్రిని ఒక్క మాట అనలేదు. కానీ తన చేత్తో బట్టలు కొనుక్కునే వయసు వచ్చాక తండ్రి కుట్టిన నూలుపోగు ముట్టుకుంటే ఒట్టు.

ఇప్పుడామెకు రెండేళ్ల కొడుకు. ఆమె కొరియర్ ఆఫీసులో పార్సిళ్ల కౌంటరు చూస్తుంది, భర్త వేరే ఊళ్లో పనిచేస్తూ నెలకోసారి వస్తాడు, కనుక పిల్లాడు పగలంతా రెండు వీధుల అవతల అమ్మమ్మ, తాతల దగ్గరే ఉంటాడు. మాస్టారికి లోపల ఒకటే కోరిక: తను కుట్టిన చొక్కా ఒక్కటి, ఆ పిల్లాడికి కూతురు తన చేత్తో తొడగాలి. బతుకులో ఇంకేం అడగలేదాయన.

వచ్చే ఆదివారం రెండో పుట్టినరోజు ఫొటో. మంచి డ్రెస్సు కావాలని తండ్రినీ, పిల్లాడినీ వెంటబెట్టుకుని ఆమె పెద్ద బట్టల షాపుకు వెళ్లింది. ఏం చెప్పమంటారు! ఆడపిల్లల బట్టలు రెండంతస్తులు. కుచ్చులేమిటి, పూలేమిటి, కళ్లు తిరిగిపోతాయి. మగపిల్లలవి ఎక్కడయ్యా అంటే మెట్ల కింద. అక్కడ లారీ బొమ్మ ఉన్న చొక్కాలు, డైనోసార్ బొమ్మ ఉన్న చొక్కాలు, మరీ మంచివి కావాలంటే డైనోసార్ లారీ తోలుతున్న చొక్కాలు. మగపిల్లాడై పుట్టినందుకు ఇంత శిక్షా?

"ఇంకేం లేవా?" అంది కూతురు నీరసంగా.

"ఎందుకు లేవు మేడం!" అని సేల్స్‌మన్ ఒక సూటు దించాడు. ప్యాంటు, లోపల చొక్కా, దానిమీద వెయిస్ట్‌కోటు, దానిమీద కోటు, మెడకు బో టై. అన్నీ తొడిగి నిలబెడితే పిల్లాడి చేతులు రెండూ పక్కలకు బిగుసుకుపోయాయి.

"చూశారా, ఎంత బుద్ధిగా నిలబడ్డాడో!" అన్నాడు సేల్స్‌మన్.

"బుద్ధి కాదు నాయనా, వంగడం కుదరట్లేదు" అన్నాడు మాస్టారు. "ఇంతకీ ఇది ఏ ఉద్యోగానికి కుట్టారు?"

"ఉద్యోగమేంటి సార్, రెండేళ్ల పిల్లాడికి!"

"మరి బ్యాంకు మేనేజరు డ్రెస్సెందుకూ?"

అంతలో పిల్లాడికి నేల మీద ఎవరి చొక్కాదో ఊడిపడిన బొత్తాం కనిపించింది. తీసుకుందామని వంగబోయాడు. మోకాలు వంగలేదు, నడుం వంగలేదు. చెక్కపలకలా బోర్లా పడి, పడ్డవాడు పడ్డట్టే ఉండి, కొంచెం ఆలోచించుకుని, అప్పుడు షాపు అదిరేలా ఏడుపు లంకించుకున్నాడు. అయినా వేరే గతిలేక కూతురు ఆ సూటే కొంది.

మెట్లు దిగుతుంటే మాస్టారు గొంతు సవరించుకుని, "పోనీ, నేను కుట్టనామ్మా?" అన్నాడు.

ఆమె ఆగింది. "చూద్దాంలే నాన్నా" అంది. ఆ ఇంట్లో 'చూద్దాంలే' అంటే వద్దని. ఆయనకు తెలుసు. తెలిసినా, మర్నాడు కొట్టు తాళం తీయలేదు.

"ఏమండీ, ఇంట్లో కూర్చున్నారేంటి? ఒంట్లో బాగోలేదా?" అంది భార్య.

"డ్యూటీలో ఉన్నాను" అన్నాడు మాస్టారు. చేతిలో నోటుబుక్కు, చెవిమీద పెన్ను. ఎదురుగా మనవడు. వాణ్ణి కూడా పద్ధతి తప్పకుండా అడిగాడు. "ఏరా, నిలబడే ఉద్యోగమా, కూర్చునే ఉద్యోగమా?" వాడు తాత చేతిలో ఒక చెంచా పెట్టి పరిగెత్తాడు. మాస్టారు అది కూడా రాసుకున్నాడు.

మూడు రోజులు రాశాడు. 'ఎనిమిది పది: చెప్పు ఒకటి బకెట్లో వేయుట. ఎనిమిది పన్నెండు: రెండోది వేయుట. ఎనిమిది పదిహేను: రెండూ మునిగినందుకు ఏడ్చుట.' గొంతుక్కూర్చోవడం గంటకు నలభై ఒక్కసార్లు. నమ్మరేమోనని తనూ కూర్చుని లేచి చూశాడు, ఇరవై మూడోసారికి నడుం పట్టేసింది. మంచం కింద తనిఖీ రోజుకు తొమ్మిదిసార్లు. అక్కడ ఏ కుట్టు మీద బరువు పడుతుందో దగ్గరుండి చూడాలని ఆయన కూడా దూరాడు. దూరడమైతే దూరాడు గానీ బయటికి రావడం కుదిరితే కదా! పిల్లాడు ఇన్నాళ్లకు తోడు దొరికిందని సంబరపడి అక్కడే కూలబడ్డాడు. భార్య వచ్చి రెండు కాళ్లూ పట్టుకుని లాగింది.

"అరవై రెండేళ్లొచ్చాయి మీకు! ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"మోకాళ్ల మీద కాదే, మోచేతుల మీద పాకుతున్నాడు" అన్నాడాయన నేల మీద పడుకునే. "నేనింకా మోకాళ్లనుకున్నాను. ఎంత పొరపాటు జరిగిపోయేది!"

ఆమె నెత్తి కొట్టుకుని వంటగదిలోకి పోయింది.

ఇక గుడ్డ. బట్టల కొట్టాయనకు మాస్టారంటే తెల్లారి లేస్తే చూసే ముఖమే. కనిపించగానే ఖాకీ తానుమీద చెయ్యి వేశాడు. "ఎన్ని జతలు మాస్టారూ?"

"ఒక్కటే."

"ఒక్కటా! ఏ కంపెనీకి?"

మాస్టారు సంచీలోంచి అరటిపండు తీసి, తొక్క ఒలిచి, మెత్తగా పిసికి, కౌంటరు మీది నమూనా ముక్కలకు వరసగా పూయడం మొదలుపెట్టాడు. పిల్లాడు రోజూ అరటిపండు సగం తిని సగం ఒంటికి రాసుకుంటాడు, కనుక మరక కనబడని రంగు కావాలట. ముందు లేతపసుపు తీసుకోబోయాడు. అంతలో ఆయనకే తట్టింది. అరటి మరక ఆరితే నల్లబడుతుంది! "ఇవన్నీ ఇలాగే ఉంచండి, రేపొచ్చి చూస్తాను" అని వెళ్లిపోయాడు.

"మాస్టారూ, ఈగలు!" అని కొట్టాయన వెనకనుంచి కేకేశాడు గానీ, పాత స్నేహం, ఏం చేస్తాడు? ఒక రోజంతా విసనకర్ర పుచ్చుకుని నమూనాలకు కాపలా కాశాడు. మర్నాడు మాస్టారు వచ్చి ముక్కలన్నీ వెలుతురులో తిప్పి చూసి, చింతగింజ రంగు మెత్తటి నూలుగుడ్డ తీసుకున్నాడు. దానిమీద మరక ఎక్కడుందో కొట్టాయన ఎంత వెతికినా దొరకలేదు.

శుక్రవారం, శనివారం పగలంతా కూర్చుని చొక్కా, నిక్కరు కలిసిన ఒకే డ్రెస్సు కుట్టాడు. పిల్లాడు బొత్తాలు కొరికి మింగుతాడు కనుక ముందు బొత్తాల్లేవు, వెనక నాడాలు. మోచేతులకు లోపల రెండో పొర. వెనక భాగం గొంతుక్కూర్చుంటే పిగలకుండా లోతుగా కోశాడు. చెంచాకొకటి, రాళ్లకొకటి, ఎవరి వస్తువులో తెలియని వాటికి రెండు, మొత్తం నాలుగు జేబులు.

అంతా అయ్యాక ఎత్తి చూసుకున్నాడు. భుజాలకు పట్టీలున్నాయి! ఎప్పుడు కుట్టాడో ఆయనకే గుర్తులేదు. నలభై ఏళ్ల అలవాటు, చెయ్యి కుట్టుకుంటూ పోయింది. కూతురు చూస్తే ఇంకేమైనా ఉందా? గబగబా బ్లేడు తీసి ఒక పట్టీ విప్పేశాడు. రెండోది విప్పబోతూ నోటుబుక్కు తిరగేశాడు. 'వీధిలోకి పరిగెత్తుట: రోజుకు పదకొండుసార్లు. పట్టుకొనువారు: అమ్మమ్మ. పట్టుకొను చోటు: భుజం. చొక్కా జారుట, పిల్లవాడు జారుట.' పట్టీ లేకపోతే కూతురు తొడుగుతుందేమో. ఉంటే పిల్లాడు రోడ్డు మీదికి పోడు. చివరికి విప్పిన పట్టీని మళ్లీ పెట్టి, ఈసారి రెండు వరసల కుట్టు వేశాడు.

ఆదివారం స్టూడియోలో పిల్లాడికి సూటు తొడిగారు. తొడగడమే ఆలస్యం, బోర్లా పడ్డాడు. లేపారు. వెల్లకిలా పడ్డాడు. గోడకు ఆనిస్తే గోడ వెంబడి పక్కకు జారాడు. ఫొటోగ్రాఫరుకు తల ప్రాణం తోకకొచ్చింది. "మేడం, ఒక పని చేద్దాం. బాబును నేలమీద పడుకోబెట్టి, నేను నిచ్చెనెక్కి తీస్తాను. ఫొటో నిలువుగా తిప్పితే నిలబడ్డట్టే ఉంటాడు" అన్నాడు. పైగా నిచ్చెన కూడా తెచ్చాడు. కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాస్టారు మెల్లగా కవరు ముందుకు చాపాడు. ఆమె విప్పింది. ముందు కనిపించినవి పట్టీలే. ముఖం చిన్నబోయింది.

"నాన్నా... యూనిఫామా?"

"అవునమ్మా" అన్నాడాయన. అబద్ధం ఆడటం చేతకాదాయనకు. "వాడి పనికి తగ్గట్టు. ఆ పట్టీలు అందం కోసం కాదు, పట్టుకోవడానికి. కావాలంటే ఇందులో చూడు, అన్నీ రాశాను" అని నోటుబుక్కు కూడా చేతిలో పెట్టాడు.

ఆమె సూటు విప్పి, తండ్రి కుట్టింది తొడిగి, వెనక నాడాలు కట్టింది. పిల్లాడు ఒకసారి గొంతుక్కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. చేతులు రెండూ జేబుల్లోకి పోయాయి. మనిషి వెలిగిపోయాడు. వెలిగిపోయి, మరుక్షణం తెరిచున్న తలుపులోంచి వీధివైపు దూసుకుపోయాడు. బయట ఆటోలు. తల్లి ఒక్క గెంతు గెంతింది. చేతికి పట్టీ దొరికింది. వాడు గాల్లో కాళ్లాడిస్తూ ఆగిపోయాడు, కుట్టు పిసరంత కదల్లేదు.

ఫొటో వచ్చింది. అందులో పిల్లాడు గొంతుక్కూర్చుని, కెమెరా మూతను మూడో జేబులో కుక్కుకుంటున్నాడు. అంతకన్నా మంచి ఫొటో ఆ స్టూడియోలో లేదని ఫొటోగ్రాఫరే అన్నాడు, మూత తిరిగిచ్చాక.

కూతురు బయట బెంచీ మీద కూర్చుని నోటుబుక్కు మొదటినుంచి చివరిదాకా చదివింది. ఒకటి రెండు చోట్ల నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు.

"వీణ్ణి ఎంత చూశావు నాన్నా!" అంది. "నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక్క పూట నన్ను ఇలా చూసుంటే, ఆ గౌను కుట్టేవాడివా?"

"చూడలేదమ్మా. గుడ్డ మిగిలింది, కుట్టేశాను. తప్పయిపోయింది" అన్నాడు మాస్టారు.

ఆమె ముక్కు తుడుచుకుంది. పిల్లాణ్ణి పట్టీ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "రేపు పొద్దున ఆరింటికి మా ఇంటికి రా. నోటుబుక్కు తెచ్చుకో. నాకూ ఒకటి కుట్టు. భుజాల మీద ఏమైనా పెట్టావో, ఊరుకోను."

ఆరింటికి చెప్పిందా, అయిదూ ముప్పావుకే వెళ్లి వంటగది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు మాస్టారు. రాయడం మొదలుపెట్టాడు. నీళ్లు పట్టింది, పొయ్యి వెలిగించింది, పిల్లాణ్ణి చంకనెత్తుకుని ఒంటిచేత్తో బట్టలు ఆరేసింది, పాలు పొంగితే పరిగెత్తింది, ఫోనులో ఆఫీసువాళ్లకు జవాబు చెప్పింది, వాడు పారబోసిన నీళ్లు తుడిచింది. ఎనిమిదింటికల్లా నాలుగు పేజీలు నిండాయి. ఆమె ఇంకా ఒక్కసారి కూడా కూర్చోలేదు. మాస్టారు పెన్ను మూశాడు. లేచి, ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకుని గిన్నెలు తోమడానికి వెళ్లాడు.